రెండో బ్యాటరీ

“బ్యాటరీల సంగతి నాకేం తెలుసండీ? నేను సోఫాలు అమ్ముకునేవాణ్ణి. డ్రిల్లులు, ఛార్జర్లు అన్నీ పనివాళ్ళే చూసుకుంటారు. ఇతగాడి అజాగ్రత్తకు నన్ను పిలిపిస్తే ఎలా?” అంటూ యజమాని కుర్చీలో వెనక్కి వాలాడు.

ఇతగాడు అంటే ఎదురుగా బెంచీ మీద కూర్చున్న వడ్రంగి. అతని కుడిచేతికి మోచేతి దాకా కట్టు ఉంది. వేళ్ళ కొసలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. పక్కన అతని భార్య, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని కూర్చుంది. ఆమె బొటనవేలికీ ఒక పేలిక చుట్టి ఉంది. మేడమీది ఆ గదిలో ఫర్నిచర్ పనివాళ్ళ సంఘం పెద్దాయన బల్ల వెనక నుంచి ఇద్దరి మాటా వింటున్నాడు.

జరిగింది అందరికీ తెలిసిందే. డ్రిల్లు బ్యాటరీ ఉబ్బిందని వడ్రంగి తెచ్చి చూపిస్తే, యజమాని దానికి టేపు చుట్టించి, ఫుట్‌పాత్ మీద కొన్న ఛార్జరు చేతిలో పెట్టి “ఏం కాదు, పెట్టు” అన్నాడు. పక్కనే రంపప్పొట్టు, ఇట్టే మంటంటుకునే థిన్నర్ డబ్బాలు. బ్యాటరీ పేలింది, చెయ్యి కాలింది. అక్కడితో ఊరుకుని ఉంటే ఆమె కూడా ఏడ్చి ఊరుకునేదేమో. కానీ ఆ యజమాని షాపు షాపుకీ తిరిగి, వడ్రంగి తాగి పనిలోకొచ్చాడని, ఆ ఛార్జరు అతనే తెచ్చుకున్నాడని ఊదరగొట్టాడు. చెయ్యి మానుతుందని డాక్టరు చెప్పాడు. మానిన చేతికి పనిచ్చే షాపు మాత్రం ఒక్కటీ మిగల్లేదు.

“వాడి చేత నలుగురిలో నిజం కక్కిస్తా. కక్కకపోతే వాణ్ణీ కాలనిస్తా” అని మొన్న ఇంట్లో ఆమె పళ్ళు కొరికితే, మొగుడు భయపడి ఆమె నోరు మూశాడు.

“సాక్ష్యం ఏమన్నా ఉందా అమ్మా?” పెద్దాయన అడిగాడు.

“ఉంది బాబాయ్.”

ఆమె లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది. అక్కడ స్విచ్‌బోర్డు కింద ఒక స్టూలు ఉంది. సంచిలోంచి ఛార్జరు తీసి దాని మీద పెట్టింది. తర్వాత నల్లటేపు చుట్టిన బ్యాటరీ తీసింది. దాని పొట్ట బాగా ఉబ్బి ఉంది.

“ఇది పేలినదాని జత. రెండూ ఒకేసారి ఉబ్బాయి.”

“ఇది నీకెక్కడ దొరికిందే?” అన్నాడు వడ్రంగి. ఆమె బ్యాటరీని ఛార్జరులోకి తోసి, ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసింది. ఎర్ర లైటు వెలిగింది.

“టేపు చుట్టాక భయం లేదని మీరేగా చెప్పారు సారూ? కూర్చోండి, నింపాదిగా మాట్లాడుకుందాం.”

యజమాని లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. “ఏయ్, తియ్యి! ఉబ్బినదానికి ఎవరైనా ఛార్జింగు పెడతారా? పేలిపోతుంది!”

“అలాగా? ఎవరు చెప్పారు?”

“కంపెనీ వాడే చెప్పాడు! కొన్నరోజే చెప్పాడు! ఉబ్బితే వాడొద్దని, వేరే ఛార్జరు పెట్టొద్దని...” అని నాలుక కరుచుకున్నాడు.

పెద్దాయనకూ చెమటలు పడుతున్నాయి. అయినా చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

“ఏమయ్యా, ఇందాక నీకేం తెలియదన్నావు. మరి కుర్చీ ఎందుకు పడేశావు?”

యజమాని తలుపు వైపు చూశాడు. బయటికి పోదామంటే ఆ స్టూలు పక్కనుంచే పోవాలి. స్విచ్చికి వీపు ఆనించి ఆమె నిలబడింది. చెయ్యి చాచి బ్యాటరీని తాకి, చటుక్కున వెనక్కి తీసుకుంది.

“వేడెక్కుతోంది” అంది. అతని మొహం పాలిపోతుంటే ఆమెకు ఎన్నాళ్ళకో కడుపు నిండినట్టయింది. “ఆ రోజు మా ఆయన మంటల్లో అరుస్తుంటే మీరు రోడ్డు మీదికి పరుగెత్తారట కదా? ఇవాళ మాత్రం ఉండండి.”

“తల్లీ, నీకు దణ్ణం పెడతా. పిల్లలున్నవాణ్ణి!” యజమాని కాళ్ళబేరానికి వచ్చాడు.

“దణ్ణాలొద్దు. ఆ కిటికీ తెరిచి చెప్పండి. కింద షాపుల వాళ్ళందరూ ఉన్నారు.”

అతను కిటికీ మీద పడ్డాడు. “నేనే పెట్టమన్నా! ఉబ్బిందని అతను చెప్పినా వినలేదు! ఛార్జరు నేనే కొన్నా! అతను తాగలేదు!”

“సరిగ్గా వినపడలేదేమో. మళ్ళీ చెప్పండి.”

మళ్ళీ అరిచాడు. ఈసారి గొంతు చీరుకుపోయింది. కింద రంపం మిషన్లు ఆగిపోయి, మనుషులు తలలెత్తి చూశారు. అప్పుడుగానీ ఆమె ప్లగ్గు పీకలేదు.

పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “వైద్యం ఖర్చంతా నీదేనయ్యా. ఇతని తప్పేం లేదని షాపులన్నిటికీ నేనే చెబుతా” అని ఆమె వైపు తిరిగాడు. “నీకేమన్నా మతిపోయిందా అమ్మా? అందరం మాడిపోయేవాళ్ళం కదా!”

“మా ఆయన ఒక్కడే మాడాలా బాబాయ్?” అని ఆమె సంచి సర్దుకుంది.

వడ్రంగి ఆమె వెనకే మెట్లు దిగాడు. గెలిచినందుకు సంతోషించాలో, ఇలాంటిదానితో కాపురం చేస్తున్నందుకు భయపడాలో అతనికి తెలియలేదు.

“నీ కోపంలో మనం కూడా పోయేవాళ్ళమే. ఇంకా దాన్ని చంకలో పెట్టుకున్నావేంటి? ఇటివ్వు, ఆ ఇసకలో పూడ్చేద్దాం.”

ఆమె బ్యాటరీ తీసి అతని ఎడమచేతిలో పెట్టింది. ఒక పక్క టేపు ఊడి వేలాడుతోంది. అలవాటుగా అతని కుడిచేతి వేళ్ళు దాని అంచును తడిమాయి.

టేపు కింద టేకు చెక్క తగిలింది.