లెన్సు పక్కనున్న మీట

ఆమె భయమల్లా ఒక్కటే: తన బిడ్డంటే తన అమ్మకే గిట్టదేమోనని.

"ఇవాళైనా ఎత్తుకోవే అమ్మా!" అంటూ పాపను ముందుకు చాపింది.

"ఉండవే, బోసినవ్వు నవ్వుతోంది. ఇటు తిప్పు, ఇటు!" అమ్మ కెమెరా కంటికి ఆనించుకుంది. క్లిక్కుమంది.

ఆదివారం వస్తే చాలు, ఇదే వరస. వచ్చీ రాగానే కెమెరా అందుకుంటుంది. కాఫీ ఇస్తే మానేశానంటుంది. పాపను ఎత్తుకోమంటే మొదట్లో మెడ నిలవనీ అంది. నిలిచింది. ఇప్పుడు పళ్ళు రానీ అంటోంది.

"అత్తయ్యకి మనవరాలికంటే నా లెన్సే ముద్దు," గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ నవ్వాడు ఆమె భర్త. ఫొటో స్టూడియో అతనిది. "ఎన్ని ఇచ్చినా ఇదొక్కటే కావాలంటారు."

"మీరు నవ్వకండి!" ఆమె పాపను గుండెకి హత్తుకుంది. "నన్నయితే చంక దించేది కాదట. నా కూతురేం పాపం చేసింది?"

అమ్మ కెమెరా బల్ల మీద పెట్టింది.

ఆమె కోపంగా దాన్ని లాక్కుని చూసింది. ఫొటో మసకగా ఉంది. ఇవాళే అంతకుముందు తీసినదీ అంతే. ఎప్పుడూ అద్దంలా తీసే అమ్మ!

"పాప కదిలిందేమోలే," అంది అమ్మ తొందరగా.

అతను తొంగి చూశాడు. "పాప కదిలితే పాపే మసకవ్వాలి గానీ, వెనక గోడ గడియారం కూడా అలుక్కుపోయిందే!" లెన్సు పక్కనున్న మీట చూసి నాలిక కరుచుకున్నాడు. "అయ్యో, నాదే పొరపాటు. నిన్న స్టాండు మీద పెట్టి తీస్తూ దీన్ని ఆపేశాను. మళ్ళీ వెయ్యడం మర్చిపోయాను."

"ఏంటది?"

"లోపల ఒక గాజు బిళ్ళ ఉంటుంది. చెయ్యి ఇటు వణికితే అది అటు జరిగి సర్దేస్తుంది. ఫొటోలో వణుకు తెలీదు. స్టాండు ఎలాగూ వణకదు కదా, అందుకే ఆపేస్తాం." మళ్ళీ ఫొటో చూశాడు. ఈసారి నవ్వలేదు. "కానీ, మామూలు చేతికి ఇంత మసక రాదే..."

ఆమె తల తిప్పింది. అమ్మ రెండు చేతులూ వీపు వెనక దాచుకుంటోంది.

"ఏవీ, చూపించు."

"ఏం లేదే. ముందు పాపని పడుకోబెట్టు."

పాపను భర్తకిచ్చి, అమ్మ చేతులు లాగి పట్టుకుంది. గూట్లోంచి జారిన పిచ్చుక పిల్లల్లా కొట్టుకుంటున్నాయి.

"ఎక్కడ పడేస్తానో అని భయమే తల్లీ," అంది అమ్మ. "ఇందులోంచైతే దగ్గరగా కనిపిస్తుంది గదా అని..."

మీ అమ్మ తీసే ఫొటోలు స్పష్టంగానే వస్తున్నాయా? అయినా సరే, ఓసారి వెళ్ళి ఆమె చేతులు పట్టుకుని చూడండి.