పుట్టెక్కిన పులి

పులులు చెట్లను గోళ్లతో గీరి హద్దు పెట్టుకుంటాయి. గీత ఎంత ఎత్తులో ఉంటే పులి అంత పెద్దదని లెక్క. ఒక కుర్రపులి పాపం పొట్టిది. అందుకని మద్దిచెట్టు పక్కనున్న చెదపుట్ట ఎక్కి, ముందుకాళ్లు చాచి బర్రున గీరేసింది.

"ఇది మోసం కాదూ, పులిమామా?" అంది కొమ్మ మీది ఉడత.

"నోర్ముయ్! ఏలడమంటే ఇదే."

నిజంగానే ఆ గీతలు చూసి పెద్ద పెద్ద పులులు హడలిపోయి పక్కదారి పట్టాయి. కుర్రపులి మీసం దువ్వుకుంటూ తిరిగింది.

వానలకు పుట్ట కరిగి నేలమట్టమైంది. వానలు వెలిశాక హద్దు చూసుకుందామని వచ్చిన కుర్రపులి, తలెత్తి చూసి అదిరిపడింది.

"అమ్మో! ఎవడు వీడు, ఇంత పొడుగు?"

"నువ్వే మామా! ఆ గీతలు నీవే!" అంది ఉడత, పడీపడీ నవ్వుతూ.

"చాల్లే! నా పొడుగు నాకు తెలీదా?" అంటూ పులి తోక ముడిచి పారిపోయింది.