చెంగయ్య చేతి గడియారం

ముహూర్తానికి ముందే మునిరామయ్యకు ఆయాసం పట్టింది. పైగుడ్డ చాటున, నోట్లో పెట్టుకొని పీల్చే ఆయాసం మందు పంపు ఒక దమ్ము లాగి, నాదస్వరం ఎత్తినాడు.

పక్కనున్న చెంగయ్య తన వంతు వదల్లేదు. గడియారం చూసుకొని డోలు మీద చెలరేగినాడు. ఆపడే! పందిట్లో జనం తలలూపతా ఉండారు.

మూడు పెండ్లిండ్లుగా ఇదే వరస. తిరుపతి డాక్టరు దగ్గరికి వీణ్ణి తోడు తీసుకపోవడమే తప్పయింది. జబ్బు తెలుసుకున్నాడు.

"పంపు బాగుందా?" అన్నాడు ఆ రోజు డాక్టరు.

"దేవుడు సార్!"

"రోజూ రెండు పూటలా లాగుతున్నావా?"

"ఆయాసం వస్తేనే. ఊరికే ఎందుకు సార్?"

"అట్లా కుదరదు. లాగినాక వెంటనే ఊదొద్దు. మందు పట్టాలి. పావుగంట ఆగు."

"పెండ్లికొడుకు తాళి పట్టుకొని ఆగతాడా సార్?" అని నవ్వినాడు మునిరామయ్య. చెంగయ్య కిటికీలోంచి బయటికి చూస్తా కూచున్నాడు.

ఈ పెండ్లి అయినాక పుత్తూరు బస్టాండులో చెంగయ్యను అడిగేసినాడు.

"ఇరవై ఏండ్లు పక్కన కూచోబెట్టుకుంటే నా పేరే తింటివి గదరా!"

"అట్ల కాదన్నా..."

"డోలు కొడతా గడియారం చూసేది యాడన్నా ఉండాదా? కూలికొచ్చినావా?"

చెంగయ్య నోరు తెరిచినాడు. చుట్టూ మేళగాళ్లు వింటా ఉండారు. మూసుకున్నాడు.

"రేపటి నుంచి నా మేళంలోకి రావద్దు."

చెంగయ్య డోలు భుజానికేసుకొని, బస్సు ఎక్కకుండా నడిచిపోయినాడు.

తర్వాతి పెండ్లి శ్రీకాళహస్తిలో. కొత్త డోలు రాజారత్నం. మునిరామయ్యకు మళ్లీ రొమ్ము బిగుసుకుంది. పంపు లాగినాడు. ఎదురుగా ఇంటి వసారాలో గోడ గడియారం తొమ్మిదిన్నర కొట్టింది.

రాజారత్నం రెండు నిమిషాలు వాయించి ఆపినాడు. "ఇంక నువ్వు అందుకోన్నా."

మర్యాద తెలిసినోడు, అనుకున్నాడు మునిరామయ్య.

"గట్టిమేళం!" పంతులు కేకేసినాడు.

మునిరామయ్య ఊదినాడు. గాలి రాలేదు. నాదస్వరం కీచుమని ఆగిపోయింది. పెండ్లికూతురు గూడా తలెత్తి చూసింది. తాళి కట్టేటప్పుడు డోలు ఒక్కటే మోగింది.

పందిరి గుంజకు ఆనుకొని కూలబడినాడు. ఎవరో నీళ్లిచ్చినారు. ఊపిరి వదులయ్యేసరికి అక్షింతలు వేసేది గూడా అయిపోయింది.

గోడ గడియారం చూసినాడు. తొమ్మిది ముక్కాలు. పంపు లాగి పావుగంట.

సరిగ్గా చెంగయ్య డోలు వాయించేంతసేపు.