కాటా మీద కూర్చున్నది

చాట్రాయి మామిడి షెడ్డులో, కాటా పక్కనే, కుళ్ళుకాయల గుట్ట రసి కారుతోంది. షెడ్డు చూసుకునే సుసన్నా ఆ కంపుకి ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని తాళం వెయ్యబోతుంటే ఓనరు నరసింహం గారు నూజివీడు నుంచి ఫోన్ చేశారు.

కాటా మీద బరువు మారినప్పుడల్లా కంప్యూటర్లో కొత్త వరస చేరుతుంది. అది ఏ టైంకి చేరిందో కూడా దానంతటదే పడేలా ఆయనే ఈమధ్య పెట్టించారు, దొంగ తూకాలు పట్టుకోడానికి. ఆ వరసలన్నీ ఆయన ఫోన్లో కనిపిస్తాయి.

"ఇంత రాత్రప్పుడు తూకమేంటమ్మా? నలభై కిలోలు, ఇప్పుడే పడింది."

"ఎవరూ లేరండీ. కాటా ఖాళీగా ఉంది."

"మళ్ళీ పడింది. అరవై."

ఎవరో జుర్రుకుంటున్న చప్పుడు. సుసన్నా వెనక్కి తిరిగి చూసింది. గుట్ట సగమైపోయింది. ఖాళీ కాటా అంచు మీంచి, పురుగులు కలిసిన చిక్కటి సొంగ తీగలా సాగి నేలకి జారుతోంది.

"తొంభై అయిందమ్మా!"

ఛీ, ఉమ్మేసినట్టుగా ఒక టెంక వచ్చి ఆమె పాదం మీద పడింది. వెచ్చగా ఉంది. గుట్ట ఉన్నచోట తడి తప్ప ఏమీ మిగల్లేదు. చప్పుడు ఆగింది.

"హమ్మయ్య!" అన్నారు నరసింహం గారు. "సున్నా పడిందమ్మా, ఇప్పుడే. ఎవడో గానీ, దిగిపోయాడు."