ఇంటి తూకం

“దిగకు బిడ్డా, జర నిలబడు” అన్నాడు బాల్‌రాజ్.

పదో తరగతి చదివే కూతురు రచన కాంటా మీద కదలకుండా నిలబడింది. లాక్‌డౌన్‌తో తాండూరులో కందుల దుకాణం మూతపడగానే, చేతులు ఊరుకోక బాల్‌రాజ్ అక్కడి కరెంటు కాంటాను ఇంటికి తెచ్చి, వారం వారం ఇంటిల్లిపాదినీ తూచడం మొదలుపెట్టాడు.

“చూసినవా? జర గూడ తగ్గలే. నువ్వు తింటలేవని మీ అమ్మ ఊకె ఫికర్ జేస్తది.”

రచన దిగబోయి తూలింది. ఆయన పట్టుకునేలోగా ఆమె వదులు ప్యాంటు జేబుల్లోంచి దుకాణంలోని పాత తూకం రాళ్లు ఖంగుమంటూ బండల మీద పడ్డాయి.

బస్తాలో రాయి దాస్తే ఆమడ దూరం నుంచే పసిగడతానని మార్కెట్‌లో మీసం మెలేసే మనిషి బాల్‌రాజ్. అలాంటి మొనగాణ్ణి ఆయన రాళ్లతోనే ఆయన బిడ్డ బోల్తా కొట్టించింది.

“గిదేంది బిడ్డా?”

“తగ్గితే నువ్వు పరేషాన్ అయితవని, నాయినా.”

“మరి తినొచ్చు గద?”

“తింటే కందుల బస్తా అంటవ్.”

అన్నాడు. మొదటి తూకం నాడే అన్నాడు. ఆ మాటకు అందరికన్నా గట్టిగా నవ్వింది కూడా ఆయనే.

బాల్‌రాజ్ వంగి కాంటా వైరు పీకేశాడు.

“పా బిడ్డా, వికారాబాద్‌ల డాక్టర్‌కు చూపిద్దాం.”

“ఆడ గూడ కాంటా ఉంటది, నాయినా.”

“ఉండనీ. తూకం చూసుడు నాకు రాదని తేలింది గద. నేను బయట నిలబడ్త.”