పోయింది

“ఈ టర్బో తీసేద్దాం రాజుబాబూ. రేపు దీంతో జబల్‌పూర్ బయల్దేరారంటే మీరు మళ్ళీ రాయపూర్ చూడరు,” అన్నాడు జోగయ్య, ఎత్తిన బానెట్ మీద చెయ్యి వేసి.

అమ్మిరాజుకి ఒళ్ళు మండింది. ఆదివారం సర్వీసింగుకి ఇచ్చిన కారు గురువారం మధ్యాహ్నమైనా భన్‌పురిలోని మెకానిక్ జోగయ్య షెడ్డు దాటలేదు. రాష్ట్రం ఇంకా విడిపోని రోజులు. రేపు సాయంత్రం నాలుగులోగా జబల్‌పూర్ హైకోర్టులో వకీలు చేతికి బెయిలు కాగితాలు అందాలి. మొగుణ్ణి చంపిందన్న నేరం మీద చెల్లెలు ఊర్మిళ జైల్లో కూర్చుని ఉంది.

“టర్బో ఉందనే కదయ్యా ఈ బండి కొన్నది!”

“కొని పదిహేను రోజులయింది. దేవేంద్ర నగర్‌లో మీ ఇంటి నుంచి స్టేషను, స్టేషను నుంచి దేవేంద్ర నగర్. ఆ ఆటోల మధ్య ఒక్కనాడైనా మూడో గేరు పడిందా?”

“లేదు.”

“మరింకేటి? ఇంజను గట్టిగా తిరిగితే గానీ టర్బో నిద్ర లేవదు. ఊళ్ళో అది పడుకునే ఉంటాది. మేత మాత్రం దండగ. ఖరీదైన ఆయిలు పొయ్యాలి. ఆపేముందు నిమిషంసేపు ఊరికే తిరగనివ్వాలి. మామూలు ఇంజనుకి ఈ నఖరాలేవీ లేవు. కాలెంత నొక్కితే అంత పలుకుతాది.”

“ఊరి సంగతి కాదు నేనడిగేది. రేపు హైవే.”

“చావొచ్చింది అక్కడే బాబూ. లారీని దాటుదామని నొక్కుతారు. మామూలు బండి అప్పుడే అందుకుంటాది. ఇది ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుని, తరవాత ఒక్క తోపు తోస్తాది. ఆ రెండు లెక్కల్లో ఎదురుగా ఇంకో లారీ వస్తే? చెయ్యి తిరిగినోడికి టర్బో గుర్రం. మనసు మనసులో లేనోడికి దున్నపోతు. యముడిది.”

అమ్మిరాజు స్టూలు మీద కూలబడ్డాడు. మనసు మనసులో లేదన్నది నిజమే. మూడు రాత్రులుగా కన్ను మూతపడలేదు.

“మీ బావగారు పున్నయ్యబాబు చివరి మాటే పట్టుకుని వేలాడుతున్నారా పోలీసులు?” జోగయ్య గొంతు తగ్గించి అడిగాడు.

“ఇంకేం పట్టుకుంటారు? సోమవారం తెల్లారుజామున డ్యూటీకి పోతూ రింగు రోడ్డు పక్క సైకిలుతో సహా పడి దొరికాడు. తల పగిలింది. వెనకనుంచి ఎవరో కొట్టారంటున్నారు. ఆస్పత్రిలో ప్రాణం పోయేముందు ‘ఈల వేసుకుంటూ పోయింది’ అన్నాడు, అంతే. పోలీసు థానేదారుకి తెలుగు రాదు కదా. కాంపౌండరు మోషే హిందీలో చెప్పాడు. మగాడా ఆడదా అని, ‘ఆద్మీ యా ఔరత్?’ అని అడిగాట్ట థానేదారు. ‘పోయాడు అనలేదు సాబ్, పోయింది అన్నాడు. ఔరతే’ అన్నాట్ట వీడు.”

“ఊర్మిళమ్మకి ఈల అలవాటు కదా...”

“చిన్నప్పట్నుంచీ. ఆడపిల్ల ఈలేస్తే ఇంటికి అరిష్టంరా అని మా అమ్మ మొత్తుకునేది. దానికి తోడు, ఆదివారం మొగుడూ పెళ్ళాలు అరుచుకున్నారని పక్కింటివాళ్ళు సాక్ష్యం చెప్పారు. బస్, ఖేల్ ఖతం.” అమ్మిరాజు కళ్ళు తుడుచుకున్నాడు. “ఆ మాట బయటికి పొక్కనివ్వద్దని ఇక్కడి వకీలు ఒట్టు వేయించుకున్నాడు. మొన్న మంగళవారం నీకొక్కడికే చెప్పుకున్నాను.”

“నా పెళ్ళానికి కూడా చెప్పలేదు బాబూ.” జోగయ్య తల వంచి పానా తుడిచాడు. “మీరు కూడా పోతే ఆ తల్లికి ఇంకెవరున్నారు? ఇదే మోడలు మామూలు బండి సామాను నా దగ్గరుంది. రెండు గంటల్లో మార్చేస్తాను. పైసా ఇవ్వద్దు.”

ఆ మాట గుండెకి తగిలింది. “కానీ,” అన్నాడు అమ్మిరాజు.

నాలుగయ్యేసరికి టర్బో ఊడి నేల మీద పడింది. నత్తగుల్లలా చుట్టుకున్న ఇనుపముద్ద. ఇంత చిన్నదా అని అమ్మిరాజు వంగేలోపే జోగయ్య దాన్ని అందుకుని, గేటు దగ్గర ఆగి ఉన్న తుక్కు లారీలోకి విసిరేశాడు.

“పక్క ఫర్నేసులో పడి కరిగిపోతాది. పీడ వదిలింది.”

లారీ దుమ్ము రేపుకుంటూ కదిలిపోయింది.

ఇద్దరూ కారెక్కారు. ఖాళీగా ఉన్న ఫ్యాక్టరీ రోడ్డు మీద అమ్మిరాజు మొదటిసారి మూడో గేరు వేసి, నాలుగో గేరు కూడా వేశాడు. జోరు కొంచెం తగ్గిందేమో గానీ, కాలు నొక్కగానే బండి పలికింది. షెడ్డు ముందునుంచి రెండుసార్లు అటూ ఇటూ దూసుకుపోయి, ఆపి దిగాడు. జోగయ్య రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

“ఈ మేలు మా ఊర్మిళ జన్మలో మర్చిపోదు జోగయ్యా.”

జోగయ్య చేతులు వెనక్కి లాక్కుని గుడ్డతో తుడుచుకున్నాడు.

షెడ్డు వెనక ఇంట్లోంచి అతని భార్య బంగారమ్మ టీ గ్లాసులు పట్టుకుని వచ్చింది.

“అక్కడ పెట్టి లోపలికి పో,” కసిరాడు జోగయ్య.

“పోతాన్లే, బాబుగారిని ఒక మాటడగనీ.” బంగారమ్మ గ్లాసు అందిస్తూ కారు వైపు చూసి మూతి విరిచింది. “అంత జోరుగా తోలినా చప్పుడే లేదు, బండిని ఇలా మూగదాన్ని చేయించారేటి బాబూ? సోమవారం తెల్లారగట్ల మా ఆయన రింగు రోడ్డు మీదికి తీసుకెళ్తుంటే, ఎంత బాగా ఈల వేసుకుంటూ పోయిందనీ!”