టోకెన్ లేని మనిషి

"నీ టోకెన్ ఎంతమ్మే?"

ముసలమ్మ ఎదురు బెంచీ మీది ఆమెను అడిగింది.

"నాకు టోకెన్ లేదమ్మా."

నెల్లూరులో ఆ స్కానింగ్ సెంటరుకు వచ్చిన అందరినీ పేరుపేరునా పిలుస్తున్నారు. ఆమెను మాత్రం ఎవరూ పిలవలేదు. నిండు గర్భిణి. బస్సు దుమ్ము పట్టిన పచ్చచీర. చూపు మాత్రం ముసలమ్మ కోడలు రోజా కడుపు మీదే.

రోజా కొంగు లాక్కుంది.

రోజాకు ఐదో నెల. బిడ్డ పేగులు పొట్ట బయట ఉన్నాయని మొదటి స్కానులో చెప్పారు. అప్పటి నుంచి రోజా తన కడుపును తాను ముట్టుకోలేదు. స్నానంలో కూడా.

ఎదుటి మనిషేమో తన కడుపును ఊరికే నిమురుకుంటోంది. అది చూస్తుంటే రోజాకు ఒళ్ళు మండింది.

"పేగులు బయటేసుకున్న బిడ్డ యాడ బతుకుతాది?" అత్త ముసలమ్మ పక్కవాళ్ళకు చెబుతోంది. "తీయించేద్దామనే మైపాడు నుంచి వచ్చినాం. ఈ డాక్టరమ్మ కూడా ఒక మాటంటే అయిపోతాది."

రోజా కళ్ళు తుడుచుకుంది.

పచ్చచీర ఆమె లేచి వచ్చి పక్కన కూర్చుంది. గొంతు తగ్గించింది.

"ఏడవబాక పాపా. అట్టా బాత్రూము దాకా వస్తావా? నీకొకటి చూపిస్తా."

"ఏందది?" ముసలమ్మ అందుకుంది.

"ఇంతమందిలో చూపించేది కాదమ్మా."

"తాయెత్తా? చాటుకు పిలిచి గొలుసు లాక్కుందామనా? పసుపుతాడు తప్ప ఇంకేం లేదులే దాని మెళ్ళో!"

హాల్లో నవ్వులు.

"అది కాదమ్మా, నా మాట..."

"కడుపుతో ఉండి ఇదేం పనే నీకు? వచ్చినకాడ్నించి దీని కడుపు మీదే కన్నేసినావు. దిష్టి పెట్టింది చాల్లే, పో!"

ఆమె రోజా వైపు చూసింది. రోజా ఒక్క మాటంటే ఆగేట్టుంది.

"పొమ్మంటుంటే పోవేం?" అంది రోజా.

ఆమె మొహం కందిపోయింది. నడుం పట్టుకుని మెల్లగా మెట్లు దిగిపోయింది.

రోజాకు హాయిగా అనిపించింది. తన నొప్పిలో కొంత ఇంకొకరికి అంటించినప్పుడు కలిగే హాయి. అది నిలవలేదు. లోపలికి పిలిచారు.

డాక్టర్ వాణి చాలాసేపు తెర వైపే చూసింది.

"లివరు లోపలే ఉంది. గుండె బాగుంది. బొడ్డు దగ్గర చిన్న సంచిలో కాస్త పేగు మాత్రమే బయటికొచ్చింది. ఇట్లాంటి బిడ్డల్లో చాలామంది ఆపరేషనుతో బతుకుతారు. ఉమ్మనీటి పరీక్ష ఒకటి చేయిద్దాం, అదీ బాగుంటే భయం తగ్గుతుంది. కాన్పు మాత్రం పిల్లల సర్జన్ ఉన్నచోటే జరగాలి."

"బతికితే చాలా మేడం?" అంది ముసలమ్మ. "పెద్దదై, పెళ్ళై, కడుపు పండాల గదా? అట్టాంటి మనిషిని మీరు చూసినారా?"

డాక్టర్ నవ్వింది.

"అందరూ ఇదే అడుగుతారు. నేను చెబితే నమ్మరు. అందుకే వినీలను రమ్మంటాను. ఎప్పుడు పిలిచినా నాయుడుపేట నుంచి వస్తుంది, ఈ నిండు నెలల్లో కూడా. బయట పచ్చచీరలో ఉంటుంది, పిలుచుకురండి."

రోజా జెల్ తుడుచుకోకుండానే పరిగెత్తింది.

బెంచీ ఖాళీ. మెట్లు ఖాళీ. రోడ్డు మీద అన్ని రంగుల చీరలూ ఉన్నాయి, ఆ పచ్చచీర తప్ప.

తిరిగొచ్చింది.

"మేమే తరిమేసినాం మేడం."

"తాయెత్తులమ్మేదనుకున్నా," ముసలమ్మ గొణిగింది.

డాక్టర్ ఫోను చేసింది. మోగింది. ఎవరూ ఎత్తలేదు.

"నాకేందో చూపిస్తానంది మేడం. ఏంది అది?"

డాక్టర్ చెప్పింది.

ముసలమ్మ లేచి సంచీ భుజానికి తగిలించుకుంది.

"ఆ పరీక్షేందో చేయించండి మేడం. నాయుడుపేట బస్సులు యాడ ఆగుతాయి?"

రోజా ఇన్నాళ్ళకు తన కడుపు మీద చెయ్యి వేసుకుంది. వేళ్ళు బొడ్డు దగ్గర ఆగాయి.

వినీల నిండు కడుపు మీద ఆ చోట బొడ్డు లేదు, పుట్టినప్పుడు వేసిన కుట్ల గీత ఒక్కటే ఉంది.